నొప్పి ఉన్నా రండి, లేకపోయినా రండి

మా అమ్మ దగ్గర ఒక గీతల నోటుపుస్తకం ఉంది. ప్రతి పేజీలోనూ ఎడమవైపు తేదీ, దాని పక్కన సమయం, ఆ పక్కన నొప్పి ఎక్కడ వచ్చిందో, ఎంతసేపు ఉందో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంటాయి. "రాత్రి 2.10, గుండెల మీద బరువు పెట్టినట్టు, అరగంట." "తెల్లవారుజామున 4.00, గుండె దడ, 10 నిమిషాలు." "మధ్యాహ్నం నుంచి అరికాళ్ళ మంట, పొద్దుపోయేదాకా." నాన్న పోయిన 4 నెలలకు మొదలుపెట్టిన ఆ పుస్తకం నిండిపోతే రెండోది తెచ్చుకుంది. డాక్టరు అడిగినప్పుడు ఏదీ మరచిపోకూడదని, తాను చెప్పేది కల్పన కాదని చూపించడానికి చేతిలో ఒక ఆధారం ఉండాలని ఆమె ఆలోచన.

మూడేళ్ళలో ఆమెను గుండె డాక్టరుకు, కడుపు డాక్టరుకు, నరాల డాక్టరుకు, ఎముకల డాక్టరుకు చూపించాం. ఈసీజీ, ఎకో, ఎండోస్కోపీ, తల స్కానింగ్ అన్నీ అయ్యాయి. ప్రతిచోటా దాదాపు ఒకే మాట విన్నాం: "ఏమీ లేదమ్మా, రిపోర్టులన్నీ నార్మల్. వయసు కదా!" ఆ మాట వినగానే నాకు ప్రాణం కుదుటపడేది, అమ్మ ముఖం మాత్రం వాడిపోయేది. ఆమెకు ఏదో ఒక జబ్బు ఉండాలనే ఉన్నట్టుందని ఒకసారి విసుగులో పైకే అనేశాను. ఆమె బదులు చెప్పలేదు, నోటుపుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది. నాకు అభయంలా వినిపించిన "ఏమీ లేదు" అన్న మాట ఆమెకు నువ్వు అబద్ధం చెబుతున్నావన్న నిందలా వినిపించిందని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ రోజు అన్న మాటకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

నేను డాక్టరును కాను. అమ్మ కోసం చదివినవీ, ఆమెను చూసే డాక్టరును అడిగి తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో ఇలాంటి పెద్దవారున్న వాళ్ళకు పనికొస్తాయని నా నమ్మకం.

పరీక్షలలో తగినంత కారణం కనిపించకుండా శరీర లక్షణాలు మనిషిని ఏళ్ళ తరబడి పీడించే పరిస్థితులన్నిటినీ కలిపి సొమాటోఫార్మ్ రుగ్మతలు అని పిలిచేవారు. ఈ పేరు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో ప్రచురించిన డీఎస్ఎమ్-3 అనే రోగనిర్ధారణ గ్రంథంతో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు చాలాకాలం ఇలాంటివారందరినీ హిస్టీరియా అనే పేరు కింద జమకట్టేవారు. 1859లో పియర్ బ్రికే అనే ఫ్రెంచి వైద్యుడు 430 మంది రోగులను పరిశీలించి దానిమీద పెద్ద గ్రంథమే రాశాడు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. డీఎస్ఎమ్-3లోనూ, 1994లో వచ్చిన డీఎస్ఎమ్-4లోనూ ఈ వర్గానికి ప్రధానమైన సొమటైజేషన్ డిజార్డర్ (ఒంట్లో పలుచోట్ల రకరకాల లక్షణాలు ఏళ్ళ తరబడి ఉండే రుగ్మత) అని చెప్పాలంటే ఆ లక్షణాలు 30 ఏళ్ళ లోపే మొదలై ఉండాలన్న నియమం ఉండేది. 70 ఏళ్ళ వయసులో భర్త పోయాక మొట్టమొదటిసారి గుండెల మీద బరువు మొదలైన మనిషికి ఆ నిర్వచనంలో చోటే లేదు. పెద్దవారి బాధకు సరైన పేరు దొరకకపోవడానికి వారి వైపు నుంచి లోపమేమీ లేదు, నిర్వచనం రాసినప్పుడే వారు దాని బయట ఉండిపోయారు.

2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 ఆ పాత పేరును తీసేసి, సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్ అనే కొత్త పేరు పెట్టింది. శరీర లక్షణాలు పెద్దగా లేకుండా జబ్బు వస్తుందేమోనన్న భయం మాత్రమే పీడిస్తుంటే దానికి ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్ అని వేరే పేరు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ అయిన ఐసీడీ-11 కూడా, 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చినప్పుడు, పాత పేరును వదిలి బాడిలీ డిస్ట్రెస్ డిజార్డర్ అన్న పేరును తీసుకుంది. పేర్ల సంగతి అలా ఉంచితే, వెనక మారిన ఆలోచన చాలా విలువైనది. లక్షణానికి వైద్యపరమైన కారణం దొరకకూడదన్న షరతును తొలగించారు. అంటే మోకాళ్ళ అరుగుదల ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తున్నా సరే, ఆ నొప్పి గురించిన ఆలోచన రోజంతా ఆక్రమించి, ఆ భయం నిద్రను తినేసి, ఆ మనిషి జీవితం మొత్తం దాని చుట్టూనే తిరుగుతూ, ఆ స్థితి సాధారణంగా 6 నెలలకు మించి కొనసాగుతుంటే ఈ నిర్ధారణ వర్తిస్తుంది. జబ్బు ఉందా లేదా అన్న తీర్పుతో ఇక్కడ పని లేదు. ఆ బాధ మనిషి బతుకులో ఎంత మేరకు ఆక్రమించుకుందన్నదే చూడవలసింది. ముసలితనంలో ఒంట్లో ఏ లోపమూ లేని మనిషి దాదాపు ఉండడు కాబట్టి, ఈ మార్పు అందరికన్నా ఎక్కువగా పెద్దవారికే మేలు చేయవలసింది.

అయినా ఈ రుగ్మతను పెద్దవారిలో తరచుగా గుర్తించకుండా వదిలేసే ప్రమాదం ఉందని డీఎస్ఎమ్-5 గ్రంథమే హెచ్చరిస్తుంది. నొప్పీ నీరసమూ వయసుతో వచ్చేవేలే అనుకోవడం దానికి ఒక కారణం. ఇన్ని జబ్బులూ ఇన్ని మందులూ ఉన్న మనిషి దిగులు పడడంలో వింతేముందని సర్దిచెప్పుకోవడం మరో కారణం. "వయసు కదా" అన్న ఆ రెండు మాటలలో ఈ రెండు కారణాలూ దాగి ఉన్నాయి. అమ్మతో ఆ మాట అన్న వారెవరికీ చెడు ఉద్దేశం లేదు, కానీ ఆ మాట తరువాత ఇంకో ప్రశ్న అడగడానికి చోటుండదు.

గాయం లేకుండా నొప్పి ఎలా వస్తుందని నేను అడిగినప్పుడు డాక్టరుగారు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నవారి ఉదాహరణ చెప్పారు. లేని పాదంలో మంట పుడుతుంది, లేని వేళ్ళు కొంకర్లు పోయినట్టు బాధ పెడతాయి. ఆ నొప్పి కల్పన అని ఎవరూ అనరు. నొప్పి తయారయ్యేది మెదడులోనే, గాయం దానికి అందే సమాచారాలలో ఒకటి మాత్రమే. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గేట్ కంట్రోల్ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. వెన్నుపాములో ఒక ద్వారంలాంటి ఏర్పాటు ఉందని, కింది నుంచి వచ్చే నొప్పి సంకేతాలను అది పెంచగలదని, తగ్గించగలదని, పై నుంచి మెదడు పంపే ఆజ్ఞలు కూడా ఆ ద్వారం మీద పని చేస్తాయని వారు చెప్పారు. భయం, దుఃఖం, నిద్రలేమి, ఒంటరితనం ఆ ద్వారాన్ని బార్లా తెరిచి ఉంచుతాయి. మామూలుగా మనం గమనించని గుండె చప్పుడు, పేగుల కదలిక, కండరాల బిగువు అప్పుడు మోతలా వినిపిస్తాయి. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, తనకు నొప్పిగా ఉందని ఒక మనిషి చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలని దానికి జోడించిన వివరణలో స్పష్టంగా రాసింది. మూడేళ్ళ కిందటే ఆ వాక్యం నా కంటపడి ఉంటే బాగుండేది.

మనసులోని బాధ ఒంట్లో పలకడం మన భాషకు కొత్త కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిది కడుపుకోత అంటాం, దుఃఖంతో గుండె చెరువైందంటాం, భయపడితే కాళ్ళూ చేతులూ ఆడలేదంటాం. వీటిని అలంకారాలుగా మాత్రమే తీసుకోవడం అలవాటైపోయింది గానీ, వీటిలో చాలావరకు శరీరంలో నిజంగా జరిగేవే. భయంలో కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది, కడుపులో కదలికలు మారిపోతాయి. "నాకు దిగులుగా ఉంది, నన్ను ఎవరైనా పట్టించుకోండి" అని చెప్పుకోవడం ఎన్నడూ అలవాటు లేని మనిషికి ఒళ్ళే నోరవుతుంది. మా అమ్మ తన జీవితంలో ఒక్కసారైనా తనకు దిగులుగా ఉందని అన్నట్టు నాకు గుర్తు లేదు.

ఇక్కడ దుఃఖం గురించి ఒక పాత పరిశీలన చెప్పాలి. 1942లో అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బులో ఘోరమైన అగ్నిప్రమాదం జరిగింది. అందులో ఆప్తులను పోగొట్టుకున్నవారితో పాటు మొత్తం 101 మందిని పరిశీలించి, ఎరిక్ లిండెమాన్ అనే మానసిక వైద్యుడు 1944లో ఒక వ్యాసం ప్రచురించాడు. తీవ్రమైన దుఃఖంలో ఉన్నవారికి గొంతు పట్టేసినట్టు ఉండడం, ఊపిరి అందకపోవడం, కడుపులో ఖాళీ అయిపోయినట్టు అనిపించడం, ఒంట్లో శక్తి లేకపోవడం అలలు అలలుగా వస్తాయని, ఒక్కో అల 20 నిమిషాల నుంచి గంట దాకా ఉంటుందని ఆయన రాశాడు. పోయిన మనిషి చివరి జబ్బులో కనిపించిన లక్షణాలే మిగిలినవారిలో కనిపించడాన్ని కూడా ఆయన గమనించాడు. ఇది చదివిన రాత్రి నేను అమ్మ నోటుపుస్తకం మొదటి నుంచి తిరగేశాను. నాన్న పోయింది రాత్రి రెండు దాటాక, ఊపిరి అందక. అమ్మ పుస్తకంలో రాత్రి రెండు గంటల తరువాతి పద్దులు లెక్కకు మించి ఉన్నాయి. ఈ సంగతి నేను అమ్మతో అనలేదు, ఎందుకంటే ఆ రెంటినీ కలపవలసింది ఆమెగానీ నేను కాదు.

ఇంతవరకు చదివి, పెద్దవారి నొప్పులన్నీ మనసు నుంచే వస్తాయని ఎవరైనా అనుకుంటే నేను పెద్ద తప్పు చేసినట్టే. దానికి విరుద్ధమైన ప్రమాదం ఇంకా పెద్దది. వయసు పైబడినవారిలో జబ్బులు పుస్తకాలలో రాసినట్టు కనిపించవు. గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంగానో అలసటగానో రావచ్చు. పార్కిన్సన్ జబ్బు చేతి వణుకు కన్నా ముందే భుజం నొప్పిగా, మలబద్ధకంగా కనిపించవచ్చు. 50 ఏళ్ళు దాటినవారికి కొత్తగా తలనొప్పి మొదలై, నమిలేటప్పుడు దవడ నొప్పి పుట్టి, తల దువ్వుకుంటే మాడు నొప్పిగా ఉంటే అది కణతల దగ్గరి రక్తనాళాల వాపు కావచ్చు, చికిత్స ఆలస్యమైతే చూపే పోవచ్చు. ఎముకల నొప్పి వెనక మైలోమా అనే క్యాన్సర్, ఒళ్ళంతా నీరసం వెనక థైరాయిడ్ లోపం దాగి ఉండవచ్చు. 1965లో ఇలియట్ స్లేటర్ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు, హిస్టీరియా అని ముద్ర పడిన రోగులను కొన్నేళ్ళ తరువాత మళ్ళీ పరిశీలిస్తే చాలామందిలో అసలైన జబ్బులు బయటపడ్డాయి. పక్షవాతంలా, మూర్ఛలా కనిపించే లక్షణాల విషయంలో అలాంటి పొరపాట్లు 1970ల తరువాత సుమారు 4 శాతానికి తగ్గాయని 2005లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. తగ్గాయన్నది ఊరటే, సున్నా కాలేదన్నదీ గుర్తుంచుకోవాలి. కొత్త రకం నొప్పి, ఉన్నట్టుండి చెమటలు, ఆయాసం, మాట తడబాటు, బరువు తగ్గిపోవడం వంటివి వచ్చినప్పుడు ఆ మనిషికి ముందు ఏ పేరు పెట్టి ఉన్నా సరే, వెంటనే చూపించాలి.

ఇదే పొరపాటు మా ఇంట్లోనూ జరిగింది. అమ్మ అరికాళ్ళ మంట కూడా మిగతా వాటిలో కలిసిపోయింది, ఫైలు అంత లావైన తరువాత అందులో ఒక్కో ఫిర్యాదును విడిగా చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. చివరికి ఒక పెద్ద వయసు జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాం. ఆయన రిపోర్టుల ఫైలు పక్కన పెట్టి, అమ్మ చేతిలోని నోటుపుస్తకం అడిగి తీసుకున్నారు. ఒక్కో పేజీ తిప్పుతూ, వేలు పెట్టి చదువుతూ, మధ్యమధ్యలో "ఇది ఏ పక్కనమ్మా?" అని అడుగుతుంటే అమ్మ వీపు నిటారుగా పెట్టుకుని జవాబులు చెప్పింది. తరువాత ఆయన మంచం మీద పడుకోబెట్టి, అరికాళ్ళ మీద దూదితో తాకి, ట్యూనింగ్ ఫోర్కు బొటనవేలి మీద పెట్టి "అదురు తెలుస్తోందా?" అని అడిగారు. ఆమెకు తెలియలేదు. రక్తపరీక్షలో విటమిన్ బీ12 బాగా తక్కువని తేలింది. చక్కెర జబ్బుకు ఏళ్ళుగా వాడుతున్న మెట్‌ఫార్మిన్, గుండెల్లో బరువును గ్యాస్ అనుకుని ఎవరో రాసిచ్చిన యాసిడ్ తగ్గించే మాత్ర, ఈ రెండూ దీర్ఘకాలం వాడితే బీ12 ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి. అంటే ఒక బాధకు పొరపాటున వేసిన మందు మరో బాధకు దారి తీసి ఉండవచ్చు. ఇంజెక్షన్లు వేయించాక కొన్ని నెలలకు అరికాళ్ళ మంట చాలావరకు తగ్గింది. గుండెల మీది బరువు మాత్రం అలాగే ఉంది.

ఆ రోజు ఆయన చెప్పిన మాటలు నాకు కంఠస్థం. "మీ గుండెకు జబ్బు లేదన్నదీ నిజమే, మీకు నొప్పి వస్తున్నదన్నదీ నిజమేనమ్మా. ఇక నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం 11 గంటలకు నా దగ్గరికి రండి. నొప్పి ఉన్నా రండి, లేకపోయినా రండి." నొప్పి లేనప్పుడు డాక్టరు దగ్గరికెందుకని నేను అడగబోతుంటే, అమ్మ అప్పటికే నోటుపుస్తకం చివరి పేజీలో ఆ తేదీ రాసుకుంటోంది.

ఆ పద్ధతి వెనక ఒక అధ్యయనం ఉందని తరువాత తెలిసింది. 1986లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రిచర్డ్ స్మిత్, ఆయన సహచరులు 38 మంది సొమటైజేషన్ రోగుల మీద చేసిన పని ప్రచురించారు. వారు చేసినది చాలా చిన్న పని. రోగిని ఎప్పుడూ చూసే డాక్టరుకు ఒక ఉత్తరం రాశారు. 4 నుంచి 6 వారాలకు ఒకసారి ముందే నిర్ణయించిన తేదీన రోగిని చూడమని, చూసిన ప్రతిసారీ చేత్తో పరీక్షించమని, స్పష్టమైన అవసరం లేనిదే స్కానింగులకూ ఆసుపత్రి చేరికకూ పంపవద్దని, "అంతా నీ మనసులోనే ఉంది" అన్న మాట ఎప్పుడూ అనవద్దని అందులో సూచించారు. ఆ ఉత్తరం అందిన డాక్టర్ల రోగులలో మూడు నెలల వైద్య ఖర్చు 53 శాతం తగ్గింది, రోగుల ఆరోగ్యం గానీ సంతృప్తి గానీ దెబ్బతినలేదు. నేను దీన్ని ఖర్చు లెక్కగా చూడలేదు. తనను చూడాలంటే నొప్పి రావలసిన అవసరం లేదని, తేదీ ఎలాగూ ఉందని మనిషికి తెలిస్తే, శరీరం అంత గట్టిగా కేక వేయనక్కరలేదని నాకు అర్థమైంది.

అమ్మతో నా వ్యవహారాన్ని కూడా నేను అప్పుడే తిరిగి చూసుకున్నాను. నేను ఫోను చేసేది ఆమె బాగాలేదన్నప్పుడు, వెళ్ళేది ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి. మా మధ్య మాటలన్నీ నొప్పి చుట్టూనే తిరిగేవి, ఎందుకంటే నేను పూర్తిగా చెవి ఒగ్గేది ఆ ఒక్క విషయానికే. ఇప్పుడు రోజూ సాయంత్రం 7 గంటలకు ఫోను చేస్తాను. నొప్పి సంగతి ఆమె చెబితే వింటాను, ఒకటి రెండు ప్రశ్నలు అడుగుతాను, కాదనను, భయపడను. తరువాత వేరే మాటల్లోకి వెళతాం. మొదటి నెలలో ఫోనంతా నొప్పి గురించే సాగింది. ఆ తరువాత ఎప్పుడో నాన్న గురించి మాట్లాడడం మొదలుపెట్టింది. ఇది అందరికీ ఇలాగే పని చేస్తుందని చెప్పలేను. మొండిగా మిగిలిపోయే బాధలకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్స ఉంది, నొప్పి గురించిన భయానికీ కదలకుండా కూర్చోవడానికీ మధ్య బిగుసుకున్న ముడిని అది క్రమంగా వదులు చేస్తుంది.

పెద్ద వయసులో మొదటిసారి ఇలాంటి బాధలు మొదలైతే డిప్రెషన్ ఉందేమో తప్పక చూడాలి. పెద్దవారు ఏడుపు గురించి చెప్పరు, మలబద్ధకం గురించి చెబుతారు. పెద్దవారిలో డిప్రెషన్‌ను గుర్తించడానికి 1980ల మొదట్లో రూపొందిన జీరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్‌లోని 30 ప్రశ్నలలో శరీర లక్షణాలను కావాలనే వదిలేశారు, ఎందుకంటే నిద్ర, ఆకలి, నీరసం గురించి అడిగితే అవి వయసు వల్లనో జబ్బుల వల్లనో మనసు వల్లనో తేల్చడం కష్టం. బదులుగా జీవితం శూన్యంగా అనిపిస్తోందా, ఇంకా ఆశ ఉందా అన్నట్టుగా అడుగుతారు. ఆ ప్రశ్నలు ఇంట్లోనూ అడగవచ్చు. బతికి ఏం లాభమన్న మాట పెద్దవారి నోట వస్తే దాన్ని ఊతపదంగా తీసుకోకూడదు, ఆ రోజే మానసిక వైద్యుడికి చూపించాలి.

మందుల విషయం కొంచెం చెప్పి ముగిస్తాను. డిప్రెషన్ మందులు కొందరికి ఈ నొప్పులలో కూడా మేలు చేస్తాయి, కానీ పెద్దవారిలో తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. వాటిలో కొన్ని రక్తంలో సోడియం తగ్గిస్తాయి కాబట్టి మొదటి వారాలలో పరీక్ష చేయించాలి. అమిట్రిప్టిలిన్ వంటి పాత మందులు పెద్దవారిలో మతిమరుపును, మూత్రం బిగుసుకోవడాన్ని, తూలిపడడాన్ని పెంచగలవు. నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే బెంజోడయజపీన్ మాత్రల సంగతీ అంతే. పెద్దవారికి వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల పట్టికలో, 1991లో మొదట వచ్చిన బీర్స్ జాబితా తాజా రూపాలలో, ఈ రెండు రకాలూ ఉన్నాయి. 10 రోజులకని రాసిచ్చిన నిద్రమాత్రను అమ్మ రెండేళ్ళుగా వేసుకుంటోందని ఆ డాక్టరుగారే కనిపెట్టారు. దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, ఆపితే ఆందోళన రెట్టింపై, మూర్ఛలు కూడా రావచ్చు. అందుకని నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నాం. అర మాత్ర దగ్గర రెండు నెలలు ఆగిపోయాం, ఆ రెండు నెలల్లో నోటుపుస్తకంలో పద్దులు మళ్ళీ పెరిగాయి, డాక్టరుగారు తొందరపడవద్దన్నారు. పోయిన వారం పావు మాత్రకు వచ్చాం. రాత్రి రెండు గంటల బరువు వారానికి ఒకటి రెండుసార్లు ఇప్పటికీ వస్తోంది. వచ్చినప్పుడు అమ్మ లేచి కూర్చుని, సమయం రాసుకుని, లైటు ఆర్పి పడుకుంటోంది. వచ్చే మంగళవారం 11 గంటలకు వెళ్ళాలి.